గొళ్లెం తీశాక ఏమైంది?

రాజోలు నుంచి అంగారక గ్రహానికి బయలుదేరిన వాహనం నాకు తెలిసి ఒక్కటే. బయలుదేరి ముప్పై ఎనిమిదేళ్లయింది. ఇంతవరకూ చేరలేదు. దారిలో ప్రమాదమేమీ జరగలేదు. కాగితం అయిపోయింది, అంతే.

ఆ వాహనాన్ని పంపిన స్టీఫెన్ మాస్టారికి ఇప్పుడు డెబ్బై దాటాయి. మా ఇంటికి నాలుగిళ్ల అవతల ఉంటారు. ఒకే హైస్కూల్లో ఆయన ఫిజిక్సు, నేను తెలుగు చాలాకాలం చెప్పాం. ఆయన చెప్పేవి పిల్లలకు నమ్మశక్యంగా ఉండేవి కావు, నేను చెప్పేవి అర్థమయ్యేవి కావు. అందువల్ల మా మధ్య స్నేహం కుదిరింది. మహాపురుషుల జీవితచరిత్రలు రాయడానికి వేరే మహాపురుషులుంటారు. మాస్టారి చరిత్ర రాయాలని ఎవరికీ తోచలేదు గనుక, పింఛను తీసుకోవడం తప్ప మరో పనిలేని నేను ఆ భారాన్ని సవినయంగా స్వీకరిస్తున్నాను.

వంశంతో మొదలుపెట్టడం మర్యాద. మాస్టారి తాతగారు ఆలమూరు దగ్గర ఒక ఆసామి పొలంలో పాలేరు. తండ్రిగారు మిషన్ బడిలో చదువుకుని అదే బడిలో పంతులయ్యారు. మాస్టారు బీయీడీ చేసి, ఫిజిక్సు చెబుతూ, అంగారకుడి మీద నవల రాశారు. మూడు తరాల్లో అరక దగ్గర్నుంచి రాకెట్ దాకా వచ్చిన కుటుంబం. ఇందుకు తండ్రిగారు పొంగిపోయారని రాయగలిగితే బాగుండేది. ఆయన అన్నది మాత్రం ఇది: "గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది కదరా, ఇంకా ఈ అబద్ధాలెందుకు?"

నవల పేరు 'అంగారక రేవు'. అది పుట్టింది సఖినేటిపల్లి రేవులో. అప్పట్లో మాస్టారికి గోదావరి అవతల నరసాపురంలో ఉద్యోగం. రోజూ పంటెక్కి ఏరు దాటాలి. పంటు అంటే మనుషుల్నీ, మోటారు సైకిళ్లనీ, కొబ్బరికాయల బస్తాల్నీ, ముహూర్తాల రోజుల్లో పెళ్లివారినీ ఒకే చెక్క మీద కలిపి అవతలి ఒడ్డుకు చేర్చే పడవ. దానికి వేళంటూ లేదు. నిండితే కదులుతుంది. నిండేదాకా "ఇంకో ఇద్దరు, ఇంకో ఇద్దరు" అని కేకేస్తూనే ఉంటారు. ఆ ఇద్దరూ వచ్చేలోగా మాస్టారు మోకాలి మీద అట్ట పెట్టుకుని రాసేవారు. సహజంగానే ఆయన రాకెట్ కూడా ఖాళీగా లేవదు. మొదటి ప్రకరణమంతా అది రేవులో నిలబడి ఇంకో ఇద్దరి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కోనసీమలో ఒక్క పాఠకుడికీ ఇందులో వింత కనిపించలేదు.

విజయవాడలో పాకెట్ నవలలు వేసే ప్రచురణకర్తకు కనిపించింది.

"రాకెట్టు జనం కోసం ఆగడమేమిటండీ? పది, తొమ్మిది, ఎనిమిది అని లెక్కపెట్టి వదిలెయ్యరూ?"

"ఆయ్, లెక్కెడతారండీ. నిండేక."

"నిండకపోతే?"

"నిండకపోతే గిట్టుబాటవ్వద్దండీ మరి. అంత దూరానికి ఇంధనం ఎంతవుద్దో మీరే చెప్పండి."

ప్రచురణకర్త వ్యాపారస్థుడు. గిట్టుబాటు అన్న మాట వినగానే మెత్తబడ్డాడు. పుస్తకం వేశాడు. అట్ట మీద తుపాకి పట్టుకున్న అమ్మాయి బొమ్మ వేయించాడు. నవలలో తుపాకి లేదు. సుశీల అనే నర్సు ఉంది, ఆమె చేతిలో ఉండేది సిరంజి. "దూరం నుంచి చూస్తే రెండూ ఒకటేనండీ" అన్నాడట.

అసలు దెబ్బ చివర్లో తగిలింది. ఆ రోజుల్లో పాకెట్ నవలంటే ఎనిమిది ఫారాలు. ఒక పెద్ద కాగితం మీద ఒకేసారి అచ్చయ్యే పదహారు పేజీల్ని ఫారం అంటారు. మాస్టారి నవల ఎనిమిదో ఫారం దాటి ఇంకో అయిదారు పేజీలు పోయింది. ఆ అయిదారు పేజీల కోసం తొమ్మిదో ఫారం తగలెయ్యడం ప్రచురణకర్తకు మహాపాపంగా తోచింది. చదివి ఎక్కడైనా కుదిద్దామంటే చదివే తీరిక లేదు. ఎనిమిదో ఫారం ఎక్కడ నిండితే అక్కడ ఆపి, కింద 'అయిపోయింది' అని వేసేశాడు.

అది నిండిన చోటు ఇది. నెలల తరబడి ప్రయాణం సాగాక రాకెట్లో గడియారాలు పాడవుతాయి. అద్దాలకు దుమ్ము పట్టి బయట ఏమీ కనిపించదు. ఒక కుదుపుతో వాహనం ఆగుతుంది. చేరామో, నడిమధ్యలో నిలిచిపోయామో ఎవరికీ తెలియదు. తలుపు తీసే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడు సుశీల లేచి వెళుతుంది. ఆఖరి వాక్యం: 'సుశీల గొళ్లెం తీసింది.' అయిపోయింది.

రాకెట్ తలుపుకు గొళ్లెమేమిటని నేనూ అడిగాను. కరెంటు పోయినా పనిచేస్తుందన్నారు.

మాస్టారు విజయవాడ వెళ్లి గోల పెట్టారు. ఆయన గోల పెట్టడమంటే, గుమ్మం బయట చెప్పులు విడిచి, "ఏవండీ, చివర్న కొంచెం తగ్గిందండీ" అనడం.

"చివర్లెవరు చూస్తారండీ" అన్నాడు ప్రచురణకర్త.

"పోనీ ఆ మిగతా కాగితాలిప్పిస్తే..."

"ప్రెస్సువాళ్లు వాటితో రోలర్లు తుడిచేసుంటారు."

మాస్టారి దగ్గర నకలు లేదు. ఇంట్లో కార్బన్ పేపరు ఉన్నమాట నిజమే గానీ, అది యూనిట్ పరీక్షల ప్రశ్నపత్రాలకు అంకితమై ఉండేది.

తర్వాత ఒక మాసపత్రికలో విమర్శకుడొకాయన, "ముగింపును పాఠకుడి విజ్ఞతకు వదిలేసిన ఈ సాహసం మన నవలకు కొత్త" అని రాశారు. దాన్ని పట్టుకుని కాకినాడలో ఒక సంఘంవారు మాస్టారిని పిలిచి, ఆ సాహసానికిగాను శాలువా కప్పారు. నిజం చెప్పేద్దామనే మాస్టారు వేదిక ఎక్కారట. కానీ ముందు శాలువా కప్పి తర్వాత మైకు ఇచ్చారు. అప్పుడు చెబితే శాలువా వెనక్కిమ్మంటారేమోనని ఊరుకున్నారట.

రాజోలు పాఠకులకు విజ్ఞత లేక కాదు, దాన్ని వాళ్లు ఇలాంటి పనులకు వాడరు. అప్పట్లో సెంటర్లో కాశీవిశ్వనాథంగారి అద్దె పుస్తకాల కొట్టు ఉండేది. ఖాకీ అట్టలేసిన పుస్తకాలు గోడల నిండా, ముందు ఒక బెంచీ, పక్కన బజ్జీల బండి. ఏ పుస్తకం తెరిచినా ముందు బజ్జీల వాసన వచ్చి తర్వాత కథ మొదలయ్యేది. ఆ కొట్టులో 'అంగారక రేవు' తీసుకెళ్లినవాళ్లు తిరిగి ఇచ్చేటప్పుడు అద్దె ఇచ్చేది లేదని భీష్మించారు. కాశీవిశ్వనాథంగారు మాస్టారికి కబురుపెట్టారు. మాస్టారు అప్పటికే బదిలీ మీద మా స్కూలుకు వచ్చి ఉన్నారు.

"చూడండి మాస్టారూ. రాసింది మీరు, ఆపింది మీరు. తిట్లు నాకా?"

"నేనాపలేదండీ. ఫారం నిండిపోయిందండీ."

"అదంతా నాకు తెలీదు. ఆదివారం మందిరం అయ్యేక ఇటొచ్చి ఈ బెంచీ మీద కూర్చోండి. పుస్తకం తెచ్చినోళ్లకి మిగతాది మీరే చెప్పండి."

మర్నాడు పుస్తకం ఆఖరి పేజీలో ఒక చీటీ వెలసింది: 'మిగతా కథ ఆదివారం మధ్యాహ్నం రచయిత స్వయంగా చెప్పును.' ముగింపును నోటితో, ఒక్కొక్క పాఠకుడికి విడివిడిగా అందజేసిన నవల ప్రపంచంలో మరొకటి ఉంటే నాకు తెలియజేయ ప్రార్థన.

ఆ ఆదివారాలు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టున్నాయి. మాస్టారు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాతో, బైబిలు సంచీ ఒళ్లో పెట్టుకుని బెంచీకి ఒక చివర కూర్చునేవారు. రెండో చివర పాఠకుడు. మధ్యలో పొట్లంలో బజ్జీలు. మొదటి రెండు మూడు వారాలు మాస్టారు తాను రాసిన ముగింపే చెప్పారు. తర్వాత ఎదుటి మనిషిని చూసి చెప్పడం మొదలుపెట్టారు.

వీరాయమ్మ అని ఒకావిడ ఉండేది. చదువు రాదు, కూతురు చదివి వినిపించిందట. మొగుడు మస్కట్ వెళ్లి ఏడాదిగా కబురు లేదు. వచ్చి బెంచీ మీద కూర్చోకుండా, స్తంభానికి ఆనుకుని నిలబడి అడిగింది:

"ఈళ్ల కన్నా ముందెల్లినోళ్లు ఎవరన్నా అక్కడున్నారాండీ?"

మాస్టారు బజ్జీల పొట్లం పక్కకు జరిపారు. "ఉన్నారమ్మా. గొళ్లెం తియ్యగానే వరసగా నిలబడున్నారు. కాస్త చిక్కేరు గానీ అందరూ ఉన్నారు."

ఆవిడ అద్దె ఇచ్చి, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లింది.

అంతర్వేది వైపు నుంచి వచ్చే పెద్దిరాజుది వేట పడవ. అతనికి గొళ్లెం తీయగానే సముద్రం కనిపించింది. "ఏట నిషేదం ఉందాండీ అక్కడ?" అన్నాడు. లేదన్నారు మాస్టారు. "అయితే పరవాలేదండి మీ నవల" అని సర్టిఫికెట్ ఇచ్చాడు. చర్చి సంఘపెద్ద ఒకాయనకు అంగారకుడి మీద అప్పటికే ఒక మందిరం, గోడల దాకా లేచి ఆగిపోయి కనిపించింది. చందాల పుస్తకం పట్టుకుని ఒకాయన ఎదురొచ్చాడు కూడా. "మనోళ్లు ఎక్కడైనా ఒకటేనండి" అని పెద్దగారు తృప్తిగా తలాడించారు.

నేను ఉండబట్టలేక, "ఇలా మనిషికొకటి చెబితే ఎలా మాస్టారూ?" అన్నాను.

"అచ్చయింది మార్చకూడదండీ. ఇది అచ్చవ్వలేదు కదా" అన్నారు.

అలాంటి ఒక ఆదివారం దానమ్మగారు వచ్చారు. రాజోలు ఆసుపత్రికి కొత్తగా వచ్చిన నర్సు. పుస్తకం మధ్యలో వేలు పెట్టుకుని మరీ వచ్చారు.

"రచయిత మీరేనాండీ?"

"ఆయ్."

"సుశీల సిరంజిలో గాలి తియ్యకుండా ఇంజక్షనిచ్చేసింది. మా హెడ్ నర్సు చూస్తే ఉద్యోగం ఊడుద్ది."

"అచ్చయిపోయిందండీ" అన్నారు మాస్టారు దీనంగా.

"సర్లెండి. గొళ్లెం తీసేక ఏమైందో అదైనా సరిగ్గా చెప్పండి."

మాస్టారు ఆవిడ వంక చూశారు. గొళ్లెం తీస్తే అవతల ఇంకో తలుపు ఉందని చెప్పారు.

"అది తీస్తే?"

"వచ్చే ఆదివారం చెబుతానండీ."

అంతవరకూ ఏ పాఠకుడికీ రెండో ఆదివారం కేటాయించిన దాఖలా లేదు. ఆ వారం ఇనప తలుపు. పై వారం టేకు తలుపు. ఆ పైన తాటాకు తడిక. కాశీవిశ్వనాథంగారు నన్ను పక్కకు పిలిచి, "ఈ రాకెట్టుకి తలుపులు ఎక్కువైపోతున్నాయండీ. పెద్దవాళ్లతో మాట్లాడండి" అన్నారు. మాట్లాడాను. నీలం రంగు తలుపు దగ్గర ఉండగా పెళ్లయింది. తర్వాత డ్యూటీలు, పిల్లలు, బదిలీలు. ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇంటింటికీ టీవీలొచ్చాక అద్దె కొట్టు మూతపడింది. కాశీవిశ్వనాథంగారు పోయారు. ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అయినా బస్టాండులోనో, చేపల మార్కెట్లోనో నెరిసిన తల ఒకటి ఆగుతుంది. "మాస్టారూ, అసలా గొళ్లెం తీసేక ఏమైందండీ?" మాస్టారు సంచీ కిందపెట్టి చెబుతారు. చేపలు ఎండలో పాడవుతున్నా చెబుతారు.

పోయిన వేసవిలో హేమ అనే అమ్మాయి వచ్చింది. సొంతూరు కొత్తపేట. హైదరాబాదులో చిన్న ప్రచురణ సంస్థ నడుపుతోంది. 'అంగారక రేవు' మళ్లీ వేస్తానంది, ముగింపుతో సహా. "ఈసారి ఎన్ని ఫారాలైనా ఫరవాలేదు సార్" అంది. ఈ ఒక్క మాట కోసం మాస్టారు జీవితమంతా ఎదురుచూశారు. "ఆయ్" అన్నారు. ఆ అమ్మాయి ఫోన్ చేసినప్పుడల్లా "ఆయ్" అంటూనే ఉన్నారు. కాగితం మాత్రం కదల్లేదు. చివరకు హేమ నాకు ఫోన్ చేసింది.

"ముగింపు లేకుండా వెయ్యనండీ. ఈ నెలాఖరుకి రాకపోతే పుస్తకం పక్కన పెట్టేస్తాను. మీరైనా చెప్పండి బాబాయిగారూ."

వెళ్లి అడిగాను. మాస్టారు వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని ఉన్నారు.

"అసలు రాసింది గుర్తులేదండీ. ఇన్ని చెప్పేక అది ఎక్కడో పోయింది. అదొక్కటే అయితే ఏదో రాసిచ్చేద్దును. అచ్చయిపోతే ఇంక నన్నెవరడుగుతారండీ? ఈ ఊళ్లో రిటైరైన మాస్టర్లు ఎంతమంది లేరు? ఆ గొళ్లెం ఒక్కటే కదండీ నాది."

తెలుగు పండితుడిగా నేను చెప్పగలిగింది చాలా ఉండాలి. అరుగు అంచున కూర్చున్నాను. లోపల్నుంచి దానమ్మగారు పనసగింజల చేట పట్టుకుని వచ్చి ఇంకో కుర్చీలో కూర్చున్నారు.

"విన్నారా అన్నయ్యగారూ? వీరాయమ్మకి చెప్పేరు. పెద్దిరాజుకి చెప్పేరు. ఆఖరికి ఆ సంఘపెద్దగారికీ చెప్పేరు. నన్ను నీలం తలుపు దగ్గర నిలబెట్టి పెళ్లి చేసుకున్నారు. ఇంకా అక్కడే ఉన్నాను."

"నువ్వడగలేదు కదా" అన్నారు మాస్టారు.

"అడిగితే నా మొహం చూసి ఏదో ఒకటి కట్టేస్తారని అడగలేదు. అందరికీ కట్టినట్టు."

మాస్టారు తలొంచుకున్నారు. దానమ్మగారు ఒక గింజ ఒలిచి చేటలో వేశారు.

"ఊరందరి కోసం దాచుకుంటారో, నాకు చెప్పేస్తారో మీ ఇష్టం. చెబితే మాత్రం అన్నయ్యగారు రాసుకుంటారు. రాసేక మార్చడానికి లేదు."

వీధిలో ఎవరో సైకిలు మీద వెళుతూ "నమస్కారం మాస్టారూ" అన్నారు. మాస్టారు ఆ సైకిలు మలుపు తిరిగేదాకా చూశారు. తర్వాత కుర్చీ భార్యకు ఎదురుగా లాక్కున్నారు. నేను మా ఇంటికి పరుగున వెళ్లి కాగితాలు, పెన్ను తెచ్చాను. రిటైరయ్యాక నేను పరుగెత్తడం అదే మొదలు.

"నీలం తలుపు తీసింది" అన్నారు మాస్టారు.

"తీసేక?"

"నేల. ఎర్రటి నేల."

"ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

నా పెన్ను ఆగింది. ఇన్నేళ్లలో ఆయన ఎవరికీ ఈ మాట చెప్పలేదు.

"మందిరం?"

"లేదు."

"ముందెళ్లినోళ్లు?"

"వీళ్లే ముందు."

దానమ్మగారు ఒలవడం ఆపారు. "నీళ్లున్నాయా?"

"తెలీదు. వెతుక్కోవాలి."

"ఎవరెళ్తారు?"

"సుశీల."

"ఒక్కత్తేనా?"

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"వెనక సీట్లో రేడియో చూసే అతనొకడున్నాడు కదా. నవలంతా ఒక్క మాటా మాట్లాడడు."

"ఉన్నాడు. రేడియో వదిలేసి సుశీలని చూస్తుంటాడు."

"అతను బిందె పట్టుకుని దిగుతాడు. ఇంత దూరం వచ్చేం కదా, ఇంకొంచెం నడుద్దాం అంటాడు. ఇద్దరూ నడుస్తారు. మిగతావాళ్లు తలుపు దగ్గర నిలబడి చూస్తుంటారు. అంతే."

"నీళ్లు దొరికేయా?"

"అది రాయను."

"సుశీల రమ్మందా, అతనే వచ్చేడా?"

"అతనే వచ్చేడు."

"అయితే సరే" అని దానమ్మగారు మళ్లీ గింజ చేతిలోకి తీసుకున్నారు.

నేను రాసింది పైకి చదివాను. రెండు పేజీలు కూడా రాలేదు. ఈ రెండు పేజీల కోసమైనా తొమ్మిదో ఫారం వెయ్యాల్సిందేనని హేమకు గట్టిగా చెప్పాలనుకున్నాను. మాస్టారు కళ్లు మూసుకుని విని, "ఇంక బస్టాండులో ఎవరూ ఆపరండి" అన్నారు. మామూలు గొంతుతోనే అన్నారు.

"చేపలు తాజాగా ఇంటికొస్తాయి" అన్నారు దానమ్మగారు. ఇంకో గింజ ఒలిచి, "ఏం బిందె అది?" అన్నారు.

"ప్లాస్టిక్‌దని రాయండి తెలుగు మాస్టారూ. తేలిగ్గా ఉంటుంది."

"ఇత్తడిది" అన్నారు దానమ్మగారు.

"అంత దూరం ఇత్తడి బిందె మొయ్యాలంటే..."

"అక్కడ బరువు మూడోవంతే ఉంటుందని మీరేగా రాసేరు."

మాస్టారు ఎంతైనా ఫిజిక్సు మాస్టారు. చూరు వంక చూసి మనసులో లెక్క కట్టారు. "మూడోవంతు కన్నా కాస్త ఎక్కువే ఉంటుంది. అయినా మొయ్యొచ్చు" అన్నారు.

ప్లాస్టిక్ కొట్టేసి ఇత్తడి అని రాశాను.